ఒక్క కణం చప్పుడు

నరాల వైద్యుడి దగ్గర, కండరాల విద్యుత్తును కొలిచే ఈఎంజీ పరీక్ష చేయించుకున్నవాళ్ళకు ఇది అనుభవమే. సన్నని సూదిని కండరంలోకి దించి, వైద్యుడు ముందు "చెయ్యి వదులుగా ఉంచండి" అంటారు. యంత్రానికున్న స్పీకరులో చప్పుడుండదు. తర్వాత "ఇప్పుడు కొంచెం బిగించండి, చాలా కొంచెం" అంటారు. టప్, టప్, టప్ అని స్పీకరు పలకడం మొదలవుతుంది, సెకనుకు ఆరో ఏడో. ఇంకాస్త బిగిస్తే ఆ టప్పులు దగ్గర దగ్గరగా పడతాయి. వాటి సందుల్లో వేరే గొంతుతో మరో టప్పు వచ్చి చేరుతుంది. బలమంతా పెట్టి బిగిస్తే రేకుల కప్పు మీద జడివాన పడ్డట్టు ఒకటే హోరు.

సూది నొప్పిలో ఉన్న మనిషికి ఆ చప్పుడు మీద ధ్యాస ఉండదు. ఉండాలని కోరడమూ న్యాయం కాదు. కానీ ఆ మొదటి టప్పు సామాన్యమైనది కాదు. అది వెన్నుపాములో ఉన్న ఒకే ఒక్క నాడీకణం పలుకు. పుర్రె తెరవకుండా, వెన్ను కోయకుండా, మెలకువతో ఉండి మాట్లాడుతున్న మనిషిలో కేంద్ర నాడీ వ్యవస్థకు చెందిన ఒక్క కణాన్ని ఇంత సులువుగా వినగలిగిన చోటు మరొకటి లేదు. చెయ్యి ఎత్తాలనే కోరిక కదలికగా మారే ఆఖరి మజిలీ కూడా అదే.

ఈ కణాన్ని చాలక నాడీకణం అంటాం. వెన్నుపాములో బూడిదరంగు పదార్థపు ముందు భాగంలో ఇవి బారులు తీరి ఉంటాయి. ఒక్కొక్కదాని నుంచి ఆక్సాన్ అనే ఒక పొడవాటి పోగు బయలుదేరి, నరంలో కలిసి, కండరం దాకా వెళుతుంది. పాదంలోని చిన్న కండరాలకు వెళ్ళే ఆక్సాన్ పొడవు ఇంచుమించు మీటరు. కండరం చేరాక ఆక్సాన్ కొమ్మలుగా చీలి, ఒక్కో కొమ్మతో ఒక్కో కండర తంతువును పట్టుకుంటుంది. ఈ కణమూ, దాని చేతికింది తంతువులూ కలిస్తే ఒక చాలక యూనిట్. 1925లో శాస్త్రవేత్తలు లిడెల్, షెరింగ్టన్ ఈ పేరు పెట్టారు. కన్ను తిప్పే కండరంలో ఒక్కో యూనిట్‌కు తంతువులు పదికి అటూ ఇటూ. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ, చేతి వెనకవైపు ఉబ్బుగా కనిపించే కండరంలో సుమారు 340. పిక్క కండరంలో దాదాపు రెండు వేలు. సున్నితంగా కదలాల్సిన చోట కణానికి తంతువులు తక్కువ, బరువు మోయాల్సిన చోట ఎక్కువ.

వినడానికి వీలు కల్పించేది ఇంకో ఏర్పాటు. ఆరోగ్యవంతుడిలో చాలక కణం ఒక ప్రచోదనం, అంటే ఒక విద్యుత్ స్పందన, పంపితే, దాని చేతికింది ప్రతి తంతువూ తప్పకుండా ఒక్కసారి స్పందిస్తుంది. నరమూ కండరమూ కలిసే చోట విడుదలయ్యే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం కావలసినదానికన్నా ఎంతో ఎక్కువే ఉంటుంది కనుక ప్రచోదనం దారిలో తప్పిపోదు. అందువల్ల వెన్నుపాములో ఎక్కడో అతి సన్నగా పుట్టిన విద్యుత్ స్పందన కండరంలో వందలాది తంతువుల స్పందనగా పెద్దదై వినిపిస్తుంది. కేంబ్రిడ్జిలో ఎడ్గార్ ఏడ్రియన్, అమెరికా నుంచి వచ్చిన డెట్లెవ్ బ్రాంక్ ఈ కిటుకును పట్టుకున్నారు. ఇంజెక్షన్ సూది బోలులో పైపూత ఉన్న సన్నని తీగను చొప్పించి, కండరంలో గుచ్చి, విద్యుత్తును పెద్దదిగా చేసి లౌడ్‌స్పీకరులో విన్నారు. 1929లో వారు అచ్చువేసిన వ్యాసం నుంచే ఇవాళ్టి ఈఎంజీ గదిలోని సూది పుట్టింది. మరి మూడేళ్ళకు ఏడ్రియన్, షెరింగ్టన్‌లకు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

వాళ్ళు విన్నది ఇది: బలం పెంచినప్పుడు రెండు సంగతులు జరుగుతున్నాయి. పలుకుతున్న కణం మరింత వేగంగా పలుకుతోంది. అప్పటిదాకా మౌనంగా ఉన్న కణాలు వచ్చి చేరుతున్నాయి. కాఫీ గ్లాసు ఎత్తడానికీ, ధాన్యం బస్తా ఎత్తడానికీ శరీరం దగ్గర ఉన్నవి ఈ రెండు పద్ధతులే.

బడిలో మనం గీసిన బొమ్మలో మెదడు ఆజ్ఞ ఇస్తుంది, చాలక నాడి దాన్ని కండరానికి మోస్తుంది. చాలక కణం అక్కడ ఉత్తరాలు మోసే బంట్రోతు. ఆ బొమ్మ తప్పని నేను గట్టిగా నమ్ముతాను. ఒక్కో చాలక కణం మీద వేల సంఖ్యలో సైనాప్సులు ఉంటాయి. మెదడు పైపొర నుంచి, మెదడు కాండం నుంచి, కండరం ఎంత సాగిందో చెప్పే జ్ఞాన నాడుల నుంచి, వెన్నుపాములోని మధ్యవర్తి కణాల నుంచి కబుర్లు వచ్చి దాని మీద పడుతుంటాయి. కొన్ని "పలుకు" అంటాయి, కొన్ని "ఆగు" అంటాయి. కణం వాటన్నిటినీ కూడి, తీసివేసి, ఒకే జవాబు ఇస్తుంది. విశ్రాంతిలో కణత్వచం లోపలివైపు దాదాపు 70 మిల్లీవోల్టుల రుణ విద్యుత్తు ఉంటుంది. కబుర్ల మొత్తం దాన్ని ఒక గడప దాకా తేగలిగితే సోడియం మార్గాలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి, ప్రచోదనం పుడుతుంది. తేలేకపోతే ఏమీ లేదు. షెరింగ్టన్ ఈ కణాన్ని చిట్టచివరి ఉమ్మడి బాట అన్నాడు. కోపంతో బిగిసిన పిడికిలైనా, ముల్లు గుచ్చుకుని వెనక్కి లాక్కున్న కాలైనా, వీణ తీగ మీటిన వేలైనా ఈ బాట మీదుగా రావలసిందే.

ప్రచోదనం వెళ్ళిపోయాక పొటాషియం మార్గాలు ఇంకొంతసేపు తెరిచే ఉంటాయి. దానితో కణం విశ్రాంతి మట్టం కన్నా కిందికి దిగి, మెల్లగా పైకి వస్తుంది. ఆ దిగుడు ఒక్కోసారి సెకనులో పదో వంతు దాకా ఉంటుంది. అంతవరకూ మళ్ళీ పలకడం కష్టం. ఈఎంజీ గదిలో మొదటి టప్పులు ఒక్కొక్కటిగా, గడియారం కొట్టినట్టు, సెకనుకు ఆరేడు చొప్పున రావడానికి మూలం ఇక్కడుంది. స్వచ్ఛందంగా కండరం బిగించేటప్పుడు సెకనుకు ఐదు కన్నా తక్కువ వేగంతో నిలకడగా పలికే కణం అరుదు.

ఇక ఏ కణం ముందు, ఏ కణం తర్వాత? ఒక కండరానికి వందకు పైగా చాలక కణాలుంటే, వాటిలో ఎవరిని పిలవాలో ఎవరు నిర్ణయిస్తారు? మెదడు ఒక్కొక్కదాని పేరు పెట్టి పిలుస్తుందనుకుంటే ఎంత పనవుతుందో ఆలోచించండి. హార్వర్డ్‌లో పనిచేసిన ఎల్వుడ్ హెన్నెమన్ 1957లో ఒక జవాబు ప్రకటించాడు. పిల్లుల వెన్నుపాము వేళ్ళ మీద ప్రయోగాలు చేసి, ప్రేరణ పెరుగుతున్నకొద్దీ చిన్న కణాలు ముందు, పెద్ద కణాలు తర్వాత పలుకుతాయని చూపాడు. ప్రేరణ తగ్గించేటప్పుడు ఆ వరస తలకిందులవుతుంది: చివర వచ్చినవి ముందు వెళ్ళిపోతాయి. 1965లో వచ్చిన వ్యాసాలతో ఇది పరిమాణ సూత్రంగా స్థిరపడింది.

కారణం చాలా సరళం. అదే చెంబుడు నీళ్ళు చిన్న కుండలో పోస్తే మట్టం జానెడు లేస్తుంది, గోలెంలో పోస్తే వేలెడు కూడా లేవదు. చిన్న కణానికి కణత్వచపు వైశాల్యం తక్కువ. విద్యుత్తు జారిపోయే దారులు తక్కువ. ఒకే మోతాదు ప్రవాహం దానిలో పెద్ద వోల్టేజి మార్పు తెస్తుంది కనుక అది గడపను ముందు చేరుతుంది. పెద్ద కణం చేరాలంటే ఇంకా ఎక్కువ పోయాలి. అంటే వరసను ఎవరూ కూర్చుని రాయలేదు. కణాల కొలతల్లోనే అది రాసి ఉంది. మెదడు చేయవలసిందల్లా అందరికీ ఒకే పిలుపు, తగినంత గట్టిగా, పంపడం.

ఈ ఏర్పాటులోని పొందిక చూడాలంటే కణాల చేతికింది తంతువులను చూడాలి. చిన్న కణాలకు ఉండే తంతువులు తక్కువ. అవి నెమ్మదిగా బిగుస్తాయి, ఆక్సిజన్ మీద నడుస్తాయి, గంటల తరబడి అలసిపోవు. పెద్ద కణాలకు ఉండేవి ఎక్కువ. అవి వేగంగా, బలంగా బిగుస్తాయి, త్వరగా అలసిపోతాయి. కంసాలి త్రాసులో ముందు గురిగింజలు, తర్వాత తులాల బరువులు వేసినట్టు, కండరం కూడా తేలికైన యూనిట్లతో మొదలుపెట్టి బరువైనవాటి దాకా వెళుతుంది. బలం తక్కువ ఉన్నప్పుడు కలిసే పెచ్చు చిన్నది, ఎక్కువ ఉన్నప్పుడు పెద్దది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు చేతికి అవసరమైన సున్నితత్వం ఇలా వస్తుంది. రోజంతా నిలబడే కాళ్ళు తొందరగా అలసిపోయే తంతువులను అనవసరంగా వాడుకోకుండా ఉండటమూ ఇలాగే.

పిల్లిలో చూసింది మనిషికి వర్తిస్తుందా? 1973లో మిల్నర్-బ్రౌన్, స్టైన్, యెమ్ ఇందాక చెప్పిన బొటనవేలు, చూపుడువేళ్ళ నడిమి కండరాన్నే ఎంచుకున్నారు. మనుషులను చూపుడువేలితో మెల్లగా నెట్టమని, ఒక్కో యూనిట్ ఏ బలం దగ్గర మేలుకుంటుందో, అది ఒక్కసారి పలికితే కండరం ఎంత అదురుతుందో కొలిచారు. ఆలస్యంగా మేలుకునే యూనిట్ అదురు పెద్దది, ముందు మేలుకునేదాని అదురు చిన్నది. హెన్నెమన్ చెప్పినది మనిషి చేతిలో కూడా నిలిచింది.

అయితే రెండు పద్ధతుల పాళ్ళు అన్ని కండరాల్లోనూ ఒకటి కావు. చేతి చిన్న కండరాల్లో, గరిష్ఠ బలంలో సగం చేరేసరికి దాదాపు అన్ని యూనిట్లూ వచ్చేసి ఉంటాయి. అక్కడి నుంచి పైకి పెంచాలంటే పలికే వేగం పెంచడమే దారి. జబ్బ కండరంలో కొత్త యూనిట్లు గరిష్ఠ బలంలో ఎనభై ఐదు శాతం దాకా వస్తూనే ఉంటాయి.

వేగం బలాన్ని ఎలా పెంచుతుంది? ఒక ప్రచోదనానికి కండర తంతువు ఒకసారి అదిరి మళ్ళీ వదులవుతుంది. వదులయ్యేలోపే రెండోది వస్తే, రెండో అదురు మొదటిదాని మీద ఎక్కుతుంది. ఇంకా దగ్గరగా వస్తే అదుర్లు కలిసిపోయి నిలకడైన బిగింపు అవుతాయి. నెమ్మదిగా వదులయ్యే కండరానికి తక్కువ వేగం చాలు, చురుకైనదానికి ఎక్కువ కావాలి. 1983లో బెల్లెమేర్, ఆయన సహచరులు మనుషులను బలమంతా పెట్టి బిగించమని కొలిచినప్పుడు, బొటనవేలి కండరంలోనూ జబ్బలోనూ సగటు వేగం సెకనుకు ముప్ఫై దగ్గర ఉంది. పిక్క లోపొరలో ఉండే సోలియస్‌లో మాత్రం పదకొండుకు కాస్త తక్కువ. ఆ కండరం నెమ్మదైనది, దానికి అంతకు మించి అక్కర్లేదు. కణం తన వేగాన్ని తన కండరానికి సరిపోయేలా ఉంచుకుందన్నమాట. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఈ జోడీయే. వెన్నుపాములో ఉన్న కణం లక్షణాలూ, అడుగుల దూరంలో ఉన్న తంతువుల లక్షణాలూ ఒకదానికొకటి సరితూగుతున్నాయి.

సాధారణ పనుల్లో ఒక్కో యూనిట్ సెకనుకు పదీ పదిహేను సార్లే పలుకుతుంది. ఆ వేగంలో దాని అదుర్లు పూర్తిగా కలవవు. అయినా మన చెయ్యి ఊగిపోదు. ఒకే రోట్లో ముగ్గురు దంచేటప్పుడు రోకళ్ళు ఒకదాని తర్వాత ఒకటి పడుతూ పోటు ఆగకుండా ఉన్నట్టు, యూనిట్లు ఒకేసారి పలకకుండా వేర్వేరు క్షణాల్లో పలకడమే దానికి కారణం. కానీ వేగం పెరగడం, తగ్గడం మాత్రం అందరిలోనూ కలిసే జరుగుతుంది. 1982లో బోస్టన్‌లో కార్లో డి లూకా బృందం దీన్ని చూపింది: ఒకే కండరంలోని యూనిట్ల వేగాలు ఒకే అలలో లేచి పడుతున్నాయి. అందరికీ కలిపి ఒకే పిలుపు వస్తోందని చెప్పడానికి ఇది గట్టి ఆధారం.

మరి మనసు పెడితే ఒక్క కణాన్ని ఎంచి పలికించలేమా? కెనడాలో జాన్ బస్మాజియన్ 1963లో ఈ ప్రశ్నకు ప్రయోగంతో జవాబు వెతికాడు. మనుషుల బొటనవేలి కండరంలో సన్నని తీగలు ఉంచి, వాళ్ళ యూనిట్ల చప్పుడు వాళ్ళకే వినిపించాడు. కొద్దిసేపట్లోనే చాలామంది ఒకే యూనిట్‌ను పలికించడం, ఆపడం నేర్చుకున్నారు. కొందరు దానితో డప్పు దరువులు వేశారు. మనిషి తన వెన్నుపాములోని ఒక కణాన్ని వింటూ, దాన్ని వాయిద్యంలా వాయించడం! ఈ ఫలితం చదివిన రోజు నాకు ఇంకా గుర్తుంది. దాన్ని చదివి పరిమాణ సూత్రం కొట్టుకుపోయిందని కొందరు అనుకున్నారు. కొట్టుకుపోలేదు. అతి తక్కువ బలం దగ్గర, మేలుకునే గడపలు దాదాపు సమానంగా ఉన్న యూనిట్ల మధ్య కొంత వెసులుబాటు ఉంది. బలం పెరిగితే ఆ వెసులుబాటు కుదించుకుపోతుంది. పెద్ద యూనిట్‌ను పిలిచి చిన్నదాన్ని ఇంటి దగ్గర ఉంచడం మన చేతిలో లేదు.

పిలుపు ఎంత గట్టిగా ఉన్నా, దాన్ని అందుకునే కణం ఎంత చురుగ్గా ఉందో మరొకరు నిర్ణయిస్తారు. మెదడు కాండం నుంచి దిగివచ్చే తంతువులు చాలక కణాల మీద సెరటోనిన్, నార్‌ఎడ్రినలిన్ విడుదల చేస్తాయి. అవి ఉన్నప్పుడు కణంలోని కొన్ని కాల్షియం, సోడియం మార్గాలు తెరుచుకుని వెంటనే మూసుకోకుండా ఉంటాయి. వచ్చిన ప్రేరణ కొన్ని రెట్లు పెద్దదవుతుంది. అందుకే ఒక యూనిట్‌ను మేల్కొల్పడానికి కావలసినంత ప్రేరణ, మేలుకున్నాక దాన్ని కొనసాగించడానికి అక్కర్లేదు. మనుషుల్లో రెండు యూనిట్లను జంటగా గమనిస్తే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఉలిక్కిపడ్డప్పుడు ఒంటికి వచ్చే చురుకులో, గాఢనిద్రలో కండరాలు సడలిపోవడంలో ఈ రసాయనాల హెచ్చుతగ్గులకు వాటా ఉంది.

కబడ్డీ ఆటగాడు గీత దాటి కాలు విసిరే క్షణంలో ఇంతసేపు చెప్పుకున్న నెమ్మదైన వరసకు సమయం ఉండదు. వరస మారదు గానీ, అంతా కొన్ని మిల్లీసెకన్లలోకి ముడుచుకుపోతుంది. ఒక్కో కణం మొదటి రెండు మూడు ప్రచోదనాలను సెకనుకు వంద వేగంతో కలిపి విసిరి, తర్వాత నెమ్మదిస్తుంది. బ్రస్సెల్స్‌లో డెస్మెడ్, గొడో 1977లో ఇది గమనించారు. అదే నగరంలో 1998లో వాన్ కట్సెమ్ బృందం, పన్నెండు వారాల పాటు పాదాన్ని వేగంగా పైకెత్తే సాధన చేయించింది. సాధనకు ముందు జంట ప్రచోదనాలతో మొదలైన యూనిట్లు సుమారు 5 శాతం, సాధన తర్వాత 33 శాతానికి దగ్గర. వ్యాయామం మొదలుపెట్టిన తొలి వారాల్లో కండరం లావెక్కకముందే బలం పెరుగుతుంది. ఆ పెరుగుదల నాడీకణాలది.

అలసట కూడా చప్పుడులో వినిపిస్తుంది. బొటనవేలిని నిమిషం పాటు బలమంతా పెట్టి బిగించి ఉంచితే, యూనిట్ల సగటు వేగం సెకనుకు 27 నుంచి 15 దాకా పడిపోయిందని బిగ్లండ్-రిచీ, ఆమె సహచరులు 1983లో కొలిచారు. అలసిన కండరం నెమ్మదిగా వదులవుతుంది కాబట్టి తక్కువ వేగంతోనూ బిగింపు కొంత నిలుస్తుంది.

చాలక కణం పోతే దాని స్థానంలో మరొకటి పుట్టదు. అరవై దాటాక ఈ కణాలు ఒక్కొక్కటిగా తగ్గుతాయి. పోలియో వైరస్ అయితే పసితనంలోనే, కొద్ది రోజుల్లో, వాటిని గుంపులుగా చంపేస్తుంది. అప్పుడు మిగిలిన కణాలు చేసే పని చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. అవి తమ ఆక్సాన్ల చివర కొత్త కొమ్మలు వేసి, దిక్కులేనివైన పొరుగు తంతువులను తమలో కలుపుకుంటాయి. ఒక్కో కణం తన మామూలు భారానికి కొన్ని రెట్లు మోస్తుంది. అలాంటి కాలిలో సూది దించి బిగించమంటే జడివాన హోరు రాదు. విడివిడిగా, పెద్దగా, దభీ దభీమని కొన్ని గొంతులే పలుకుతాయి.

మన దేశంలో సహజ పోలియో చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో బయటపడింది. 2014 మార్చి 27న దేశానికి పోలియోరహిత ధ్రువీకరణ వచ్చింది. కానీ అంతకు ముందు దశాబ్దాల్లో పోలియో వచ్చిన పిల్లలు ఇప్పుడు నలభైల్లో, యాభైల్లో, అరవైల్లో మన ఊళ్ళలోనే ఉన్నారు. కొన్ని రెట్ల భారం మోసిన కణాలు ఏళ్ళు గడిచాక ఆ అదనపు కొమ్మలను నిలుపుకోలేక వదిలేయడం మొదలుపెడతాయి. జబ్బు తగ్గిన పదిహేనేళ్ళకో, నలభయ్యేళ్ళకో కొత్త నీరసం, కండరాల నొప్పి, కొత్త బలహీనత వస్తాయి. బాగుందనుకున్న కాలిలో కూడా రావచ్చు, ఎందుకంటే అక్కడ కూడా కొన్ని కణాలు అప్పుడే పోయి ఉంటాయి, మిగిలినవి ఆ లోటు పైకి కనబడనివ్వలేదు. దీనికి పోస్ట్ పోలియో సిండ్రోమ్ అని పేరుంది. మీ ఇంట్లోనో వీధిలోనో చిన్నప్పుడు పోలియో వచ్చిన మనిషి "ఈమధ్య మంచి కాలు కూడా నిలవడం లేదు" అంటే, వయసు మీదికి తోసేయకండి, బద్ధకమని అనకండి, ఒళ్ళు అలిసేదాకా వ్యాయామం చేయమని ఒత్తిడి పెట్టకండి. నరాల వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళండి. ఎంత పని, ఎంత విశ్రాంతి అన్నది ఆ వైద్యుడి చేత నిర్ణయింపజేయండి.